సోడా దగ్గు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదినిమిషాలకు, క్లోతిల్దే భోజనశాలలో తొమ్మిదో నంబరు బల్ల దగ్గర, ఎవారిస్తో తన ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక మనిషి ముందునుంచి సోడా సీసా వెనక్కి తీసుకుపోయాడు.

తీసుకుపొమ్మన్నది ఐలెన్. ఆ అమ్మాయి ద్రాక్షతోటల మెండోసా నుంచి వచ్చి మూడు వారాలే అయింది. వైను గురించి పెద్ద చదువులు చదివింది. మామగారి చేతిలోంచి క్లోతిల్దే తన చేతికి రాగానే హెర్నాన్ చేసిన మొదటి పని ఆమెను పిలిపించడం. బ్వేనోస్ ఐరెస్‌లో క్లోతిల్దే పేరు చెబితే ఎవరికైనా రెండే గుర్తొస్తాయి. ఒకటి నేలమాళిగలో వేలకొద్దీ నిద్రపోతున్న వైను సీసాలు, రెండోది పక్కవాడి చెవిలో రహస్యం చెప్పాలన్నా నాలుగు బల్లలకు వినబడేట్టు చెప్పాల్సినంత గోల. సీసాల సంగతి ఐలెన్ చూసుకుంటుంది, గోల సంగతి జనమే చూసుకుంటారు.

తొమ్మిదో నంబరు బల్ల పెద్దాయన అన్సెల్మోది. కాగితంమీద రాసి లేదు గాని అది ఆయనదే. అచ్చాఫీసులో సీసం అక్షరాలు కూర్చి కూర్చి రిటైరైన మనిషి, డెబ్భై ఎనిమిదేళ్ళు. సోమవారం సెలవు తప్ప రోజూ వస్తాడు. కిటికీ పక్కన ఎండిపోయిన ఫెర్న్ మొక్క కుండీకి వీపు ఆనించి కూర్చుంటాడు. ఆయన టోపీ తీసేలోపు ఎవారిస్తో పెంగ్విన్ పిట్ట ఆకారంలో ఉండే పింగాణీ కూజాతో ఎర్ర వైనూ, తలమీద మీట ఉన్న సోడా సీసా తెచ్చిపెడతాడు. ఆయన గ్లాసులో సగం వైను పోసుకుని, మీట నొక్కి బుస్సుమని సగం సోడా కొట్టుకుంటాడు. వాళ్ళ నాన్న అలాగే తాగాడు, తాత కూడా అలాగే తాగాడు, ఆ వీధి సగం అలాగే తాగుతుంది.

ఆ రోజు కూజాలో ఉన్నది ఐలెన్ కొత్తగా తెప్పించిన వైను. అది పాతదానికంటే నాలుగు రెట్లు మంచిదని ఆమె అందరికీ చెప్పింది కూడా. అన్సెల్మో వేలు మీటమీద పడేసరికి ఆమె ఎక్కడినుంచి వచ్చిందో వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"నాలుగేళ్ళు చీకట్లో కూర్చుని మీకోసం ఎదురుచూసిన వైనండీ ఇది. దాని నోట్లో నీళ్ళు పోసి చంపేస్తారా?"

నవ్వుతూనే అంది. పొగరు మనిషి కాదు, వైనంటే ప్రేమ, అంతే. కాని ఆ మాట నాలుగు బల్లలకు వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్సెల్మో వేలు మీటమీదే ఆగిపోయింది. అప్పుడు ఐలెన్ తలతిప్పకుండానే, "ఎవారిస్తో, ఆ సీసా తీసేయండి," అంది.

ఎవారిస్తో తీసేశాడు.

చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరేం చెబితే అది చేసిన చెయ్యి కదా. అన్సెల్మో నేప్కిన్‌ని నాలుగు మడతలు పెట్టి పళ్ళెం పక్కన సర్ది, టోపీ పెట్టుకుని, సగం తిన్న మాంసం వేపుడు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. అక్షరాలు కూర్చిన మనిషి కాబట్టి మడతలు కూడా గీత గీసినట్టున్నాయి. ఎవారిస్తోకి ఆ నేప్కిన్ తీసి మాసిన బట్టల బుట్టలో వెయ్యడానికి చాలాసేపు మనసొప్పలేదు.

సాయంత్రం హెర్నాన్ పనివాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పాడు. ఇకనుంచి హాల్లో సోడా సీసా కనబడకూడదు, పేరున్న చోటికి పేరుకు తగ్గట్టు ఉండాలి. కనబడితే తెచ్చినవాడు కాఫీ మిషను వెనక్కి పోతాడు. కాఫీ మిషను వెనక్కంటే మాటలు కాదు. అక్కడికి పోయినవాడికి మనుషుల మొహాలు కనబడవు, కప్పులే కనబడతాయి. కాగితం లేకుండా పన్నెండు బల్లల ఆర్డర్లు తలలో పెట్టుకుని తిరిగే ఎవారిస్తోకి అది బతికుండగా సమాధి లాంటిది. సోడా సీసాలన్నీ మెట్లకింది కొట్లోకి వెళ్ళిపోయాయి. కొట్టు తాళం వంటామె నెలీదా నడుముకు చేరింది.

*

బుధవారం అన్సెల్మో రాలేదు.

ఎవారిస్తో తొమ్మిదో నంబరు బల్లను రెండున్నర దాకా ఖాళీగా ఉంచాడు. నలుగురు విద్యార్థులు అడిగితే ఒకరికి మాటిచ్చామని అబద్ధం చెప్పాడు. ఆరో బల్లకు పోవాల్సిన చేప ఎనిమిదో బల్లకు తీసుకెళ్ళాడు. పక్క వెయిటర్లు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, ఎందుకంటే అతను తప్పుచోట పళ్ళెం పెట్టడం వాళ్ళెవరూ చూడలేదు.

నాలుగింటికి పని అయ్యాక తెల్ల కోటుమీదే పై కోటు తగిలించుకుని బయల్దేరాడు. అక్కడ జూన్ అంటే చలికాలం, వీధిలో గాలి ముక్కులు పీకేస్తోంది. అన్సెల్మో ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. తలుపు తీసేసరికి వంటింట్లో ఒంటి గిన్నె, అందులో రంగులేని సూపు.

తనకు జలుబు చేసిందని అన్సెల్మో చెప్పాడు. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ఇద్దరూ కాసేపు జలుబు గురించే మాట్లాడుకున్నారు. చివరికి ఎవారిస్తో ఉండబట్టలేకపోయాడు.

"రేపు రండి. సోడా సంగతి నేను చూసుకుంటా."

"సోడా సంగతి కాదోయ్ ఎవారిస్తో, అసలు నేనేమంటానంటే..."

"చూసుకుంటానన్నాగా. మీరు రండి చాలు."

అన్సెల్మో ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి, మానుకుని, వస్తానన్నాడు. ఆయన చెప్పబోయింది అప్పుడే వినివుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కాని మంచిపని చెయ్యడానికి తెగించిన మనిషికి చెవులు పనిచేయవు.

*

గురువారం పొద్దున్నే ఎవారిస్తో నెలీదా దగ్గరికెళ్ళి తాళం అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఐలెన్ మీద ఆమెకు వేరే కోపం ఉంది. గొడ్డుమాంసం సూపులో మిరియాలు ఎక్కువైతే వైను రుచి తెలియదని ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి మరీ చెప్పింది. ముప్పై ఏళ్ళ మిరియాలు అవి. నెలీదా తాళం తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

సోడా సీసాను ఐసు బకెట్లో నిలబెట్టి, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు చుడితే దూరానికి ఖరీదైన షాంపేన్‌లా ఉంది. ఎవారిస్తో దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు తెచ్చి తొమ్మిదో బల్ల కింద, ఫెర్న్ కుండీ చాటున పెట్టాడు. అంతా బాగానే ఉంది. ఒక్కటి మాత్రం అతను ఆలోచించలేదు. సోడా సీసాను దాచవచ్చు, అది చేసే చప్పుణ్ణి దాచలేం.

అన్సెల్మో చెయ్యి బల్లకిందికి పోయింది. బుస్సుమంది. సరిగ్గా అప్పుడే హాలంతా ఎందుకో ఒక్క క్షణం సద్దుమణిగింది. కౌంటరు దగ్గర హెర్నాన్ తలెత్తాడు. ఎవారిస్తో ఏం చెయ్యాలో తోచక గట్టిగా దగ్గాడు. పొడి దగ్గు, పొట్టలోంచి లాగిన దగ్గు. హెర్నాన్ తల దించుకున్నాడు.

ఆ దగ్గును నాలుగో బల్ల దగ్గరి తాళాల షాపు అన్నదమ్ములు కనిపెట్టారు. తాళం తీసేవాళ్ళ చెవులకు ఏ చప్పుడు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. పెద్దవాడు ఎవారిస్తో కోటు అంచు పట్టుకుని లాగాడు. అతను చెప్పింది ఒక్కటే మాట: "ఆ దగ్గు మందు మాక్కూడా."

శుక్రవారానికి అయిదు బల్లలయ్యాయి. శనివారానికి పదకొండు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు నాలుగు బకెట్లు హాలంతా తిరిగాయి. ఒకచోట బుస్సుమంటే ఆ బల్ల దగ్గర ఒకరు దగ్గాలి, అది ఎవరూ పెట్టని నియమం. కొందరు చిన్నగా, మర్యాదగా దగ్గేవాళ్ళు. తాళాల షాపు తమ్ముడు మాత్రం క్షయ రోగిలా దగ్గేవాడు. పాటలు నేర్పే ఒకావిడ శ్రుతిలో దగ్గేది. ముందే దగ్గేసి, తర్వాత మీట నొక్కి, మళ్ళీ కంగారుగా దగ్గిన ముసలాయన కూడా ఒకడున్నాడు.

హెర్నాన్‌కి భయం పట్టుకుంది. మొదటిరోజు కిటికీలు బిగించాడు. రెండోరోజు ఇంకో హీటరు తెప్పించాడు. మూడోరోజు కౌంటరుమీద పుదీనా బిళ్ళల గిన్నె పెట్టి, బిల్లు కట్టేవాళ్ళందర్నీ ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందని చెప్పి అందరూ రెండేసి బిళ్ళలు తీసుకున్నారు. ఐలెన్ ఇది మిరియాల పనేనని తేల్చింది. వంటింట్లోకి వెళ్ళి చెప్పింది. నెలీదా అరగంటసేపు గరిటె కింద పెట్టకుండా జవాబు చెప్పింది. ఎవారిస్తో ఆ అరగంటా వంటింటి గుమ్మంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

అయినా అతనికి లోపల హాయిగా ఉంది. మంగళవారం తీసుకుపోయింది గురువారం తెచ్చిపెట్టాడు, లెక్క సరిపోయింది అనుకున్నాడు. నిజానికి సరిపోలేదని అతనికీ తెలుసు. తీసుకుపోయింది అందరిముందూ, తెచ్చింది చాటుగా. ఆ సంగతి రాత్రి కోటు విప్పేటప్పుడు గుర్తొచ్చేది, పొద్దున తొడుక్కునేటప్పుడు మరచిపోయేవాడు.

శనివారం తొమ్మిదో బల్ల తుడుస్తూ అతనొకటి గమనించాడు. ఫెర్న్ మొక్కకు రెండు లేత చివుళ్ళు వచ్చాయి. నెలీదా నీళ్ళు పోస్తోంది కాబోలనుకున్నాడు.

*

ఆదివారం ఐలెన్ వాళ్ళ నాన్న సెగుందో వస్తున్నాడని శుక్రవారంనుంచే అందరికీ తెలుసు. మెండోసాలో ఒకే ద్రాక్షతోటలో నలభై ఏళ్ళు తీగలు కత్తిరించిన మనిషి. ఆమె చదువు ఆ కత్తెరలోంచే వచ్చింది. రెండో నంబరు బల్లమీద గుడ్డను ఐలెన్ మూడుసార్లు మార్పించింది. నేలమాళిగలోంచి ఒక సీసా తెచ్చి దుమ్ము కూడా తుడవకుండా నిలబెట్టింది. ఆయన పనిచేసిన తోటదే, పన్నెండేళ్ళ క్రితంది.

సెగుందో ఒంటిగంటకు వచ్చాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా మెడదాకా బొత్తాం పెట్టుకున్నాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినా జుట్టు తడిపి దువ్వుకున్నాడు. గ్లాసు కాడను అతను రెండు వేళ్ళతో పట్టుకున్న తీరు చూసి ఎవారిస్తోకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆ వేళ్ళ పగుళ్ళలో నలుపు సబ్బుకు పోయేది కాదు.

ఐలెన్ పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది. ఈ సీసా ఏ వాలులోని ద్రాక్షదో, ఆ ఏడాది వడగళ్ళు ఎప్పుడు పడ్డాయో చెబుతోంది. వడగళ్ళు పడ్డరోజు ఆ వాలులో పరుగెత్తింది ఆయనే. ఆయన ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"బాగుంది తల్లీ. చాలా బాగుంది."

ఐలెన్ మొహం దీపంలా వెలిగింది. అంతలో పదో బల్లవాళ్ళు ఏదో పాత సీసా కావాలంటే ఆమె నేలమాళిగలోకి దిగింది. ఆమె తల మెట్లకింద మాయమయ్యేదాకా ఆగి, సెగుందో ఎవారిస్తోని వేలితో పిలిచాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడబోయి, ఆ గోలలో తనకే వినబడక, చివరికి మామూలుగానే అడిగాడు.

"అన్నా, ఏమనుకోకు. కాస్త సోడా దొరుకుతుందా? మా పిల్లకి తెలీకూడదు."

ఎవారిస్తో కౌంటరువైపు చూశాడు. పదకొండు బల్లలకు తెచ్చినవాడు ఇంకో బల్లకు తేలేడా అంటే తేగలడు. కాని ఆ బల్ల కౌంటరుకు ఎదురుగా ఉంది, చాటుకు కుండీ లేదు, పైగా అడుగుతున్నది ఆ అమ్మాయి తండ్రి. కాఫీ మిషను కళ్ళముందు మెదిలింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు సెగుందో గ్లాసు అంచుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని అతనివైపే చూస్తున్నాడు. ఆ చూపు అతను ఎరుగును. మంగళవారం మీటమీద వేలు ఆగిపోయినప్పుడు అన్సెల్మో చూసిన చూపు అదే.

ఎవారిస్తో వెళ్ళి బకెట్ తెచ్చాడు.

సెగుందోకి దగ్గు నియమం ఎవరూ చెప్పలేదు. అతను తువ్వాలు విప్పి, సీసా మెడ పట్టుకుని, ఇంట్లో నొక్కినట్టు నిండు చేత్తో నొక్కాడు. బుస్సుమంటూ అది పాములా లేచింది. ఎవారిస్తో దగ్గబోయాడు. దగ్గు రాలేదు. మెట్ల చివర ఐలెన్ నిలబడి ఉంది, చేతిలో పదో బల్ల సీసా.

ముందు తాళాల షాపు తమ్ముడు దగ్గాడు. వెంటనే అన్న దగ్గాడు. పాటలావిడ అందుకుంది. పదకొండు బల్లలూ ఒక్కసారి దగ్గాయి. తొమ్మిదో బల్లనుంచి అన్సెల్మో కూడా, ఎంతో గంభీరంగా, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. సోడా ముట్టనివాళ్ళు కూడా ఏదో ఆచారం కాబోలనుకుని దగ్గారు. అన్నీ అయ్యాక, ఆలస్యంగా, సంగతి కొంచెం అర్థమై, సెగుందో ఒక్కడే దగ్గాడు.

ఎవరిదో ఫోర్కు కింద పడింది. క్లోతిల్దేలో మధ్యాహ్నంపూట ఫోర్కు కింద పడితే వినబడటం అదే మొదలు.

ఐలెన్ తండ్రి గ్లాసు చూసింది, బల్లల కింద తెల్ల తువ్వాళ్ళు చుట్టిన సీసాలు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ నేప్కిన్లు తడుముకుంటున్నారు. గురువారంనుంచి విన్న ప్రతి దగ్గూ ఆమెకు ఒక్కటొక్కటే అర్థమవుతున్నట్టు ఎవారిస్తోకి ఆమె మొహంలో కనిపించింది. సెగుందో గ్లాసుమీద నేప్కిన్ కప్పేశాడు. నేప్కిన్ తడిసి ఎర్రబడింది.

ఆమె వచ్చి నేప్కిన్ తీసింది.

"ఇంట్లో ఐసు కూడా వేసుకుంటావుగా నాన్నా."

"ఐసు గలగలమంటుంది కదమ్మా," అన్నాడు సెగుందో. తర్వాత తల దించుకుని చెప్పాడు. "నలభై ఏళ్ళు ఆ తీగలు కత్తిరించా. ఇది నోట్లో పోసుకోవడం ఇదే మొదలు. మొదటి గుక్కకి ఏడుపొచ్చినంత పనైంది, ఒట్టు. రెండో గుక్కకి ముద్ద దిగట్లేదు. ఎండలోంచి వచ్చి తాగేవాణ్ణి తల్లీ, నాకు దాహం తీరాలి."

అప్పటికి కౌంటరు వెనకనుంచి హెర్నాన్ వచ్చేశాడు. ఈ సీసా హాల్లోకి ఎవరు తెచ్చారని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.

మంగళవారం ఎవారిస్తో చెయ్యి దానంతటదే పనిచేసింది. ఇవాళ నోరు కూడా అలాగే తెరుచుకుంది. "నేనే తెచ్చానండి," అన్నాడు. సరిగ్గా అదే క్షణాన ఐలెన్, "నేనే తెమ్మన్నాను," అంది. హెర్నాన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పేరుకు తగ్గట్టు ఉండాలన్న మాట ఏదో మొదలుపెట్టాడు గాని, మొత్తం హాలు తననే చూస్తోందని గ్రహించి, వెనక్కి తిరిగి కౌంటరు దగ్గరికి వెళ్ళి, గిన్నెలోంచి ఒక పుదీనా బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం కాఫీ మిషను ప్రసక్తి మళ్ళీ రాలేదు.

ఐలెన్ తండ్రి బల్లమీది సోడా సీసా తీసి ఎవారిస్తో చేతికిచ్చి, తనతో రమ్మని తొమ్మిదో బల్ల దగ్గరికి నడిచింది. ఈసారి నిలబడలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు తాను అలా మాట్లాడకుండా ఉండాల్సిందని, తప్పయిందని, అందరికీ వినబడేట్టే చెప్పింది. "ఇదిగోండి మీ సోడా," అని ఎవారిస్తోకి సైగ చేసింది.

ఎవారిస్తో గర్వంగా సీసా వంచాడు. అన్సెల్మో గ్లాసుమీద అరచెయ్యి పెట్టేశాడు.

"వద్దమ్మా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి ఎవారిస్తోని చూసి, వెంటనే బల్లగుడ్డమీదికి చూపు దించేశాడు.

"గురువారం ఇతను బకెట్టు తెచ్చేలోపు ఉత్త వైనే ఒక గుక్క తాగి చూశా. నువ్వు చెప్పింది నిజమే. అరవై ఏళ్ళు మా నాన్న మాట విని పాడుచేసుకున్నా. ఆ తర్వాత సోడా పోసుకోలేదు."

ఎవారిస్తోకి మొదట అర్థం కాలేదు. గురువారం బుస్సుమంది. శుక్రవారం బుస్సుమంది. నిన్న కూడా బుస్సుమంది. తాను అన్నిసార్లూ పొట్ట పట్టుకుని దగ్గాడు. అతని కళ్ళు మెల్లగా ఫెర్న్ కుండీమీదికి వెళ్ళాయి. మట్టి తడిగా ఉంది. రెండు కాదు, అయిదు చివుళ్ళున్నాయి.

"మరి చెప్పొచ్చుగదా," అన్నాడు నీరసంగా.

"ఎలా చెప్పనోయ్? నువ్వు ఉద్యోగానికి తెగించి చంటిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకొస్తుంటే వద్దని చెప్పే మొహం నాకెక్కడిది? అసలు సంగతి సోడా కాదని బుధవారమే చెప్పబోయా. నువ్వు విన్నావా?" అన్సెల్మో గ్లాసుమీద చెయ్యి ఇంకా తియ్యలేదు. "సోడా పోతే పోయిందయ్యా. నన్ను ఒక్క మాట అడక్కుండా నా ముందునుంచి తీసుకుపోయావే, అదీ నాకు నొప్పి."

హాల్లో గోల మళ్ళీ మొదలైంది. సెగుందో ఐసు కావాలని ధైర్యంగా కేకేస్తున్నాడు. నాలుగో బల్లవాళ్ళు తమ సీసాను బల్లకిందినుంచి తీసి దర్జాగా గుడ్డమీద పెట్టారు. ఎవారిస్తో మాత్రం కదల్లేదు. ఇన్ని రోజులుగా దాచుకున్న సిగ్గు మొహంమీదికి వచ్చేసింది. సీసా చంకలో పెట్టుకుని వెళ్ళబోయాడు.

"తీసుకుపోకు," అన్నాడు అన్సెల్మో. "పోసుకోను గాని, అది ఇక్కడే ఉండనీ."

ఎవారిస్తో కోటు జేబులోంచి తెల్లగుడ్డ తీసి సీసా అడుగు తుడిచాడు. కూజాకు కుడిపక్కన, ముప్పై ఒక్క ఏళ్ళుగా పెట్టిన చోట, అందరికీ కనబడేట్టు పెట్టాడు. పెట్టాక, అలవాటుకొద్దీ దగ్గాడు.